కొత్త పాప్-అప్ క్యాంపర్‌తో తొలి దూరప్రయాణం: డెన్వర్ నుంచి దక్షిణ యూటా వరకు ఒక కేస్ స్టడీ

పికప్ ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక సామాను తొట్టిలో, కూర్చోబెట్టుకుని లోపల వండుకుని పడుకునే చిన్న గదుల్లాంటి క్యాంపర్‌లలో పాప్-అప్ ఒక రకం. బండి నడిచేటప్పుడు కప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగాక కప్పు పైకి లేపితే చుట్టూ వినైల్ గుడ్డ గోడలు తెరుచుకుని, లోపల మనిషి నిటారుగా నిలబడేంత ఎత్తు వస్తుంది. గట్టి గోడల క్యాంపర్ కంటే తేలిక, గాలికి తట్టుకునేది, మట్టి రోడ్డు మీద కొమ్మలకు తగలనిది. అందుకే కొలరాడోలో దీనికి అంత గిరాకీ. వీటిని బళ్లకు బిగించి, కరెంటు, గ్యాసు పనులు చూడటం నా వృత్తి.

నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది డెలివరీ తీసుకున్న వారంలోనే యూటాకో ఎల్లోస్టోన్‌కో బయల్దేరాలనుకుంటారు. ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ కొత్త క్యాంపర్ బిగింపు షెడ్డులో సగమే అవుతుంది. బరువు సర్దుకుని, బోల్టులు కుదురుకుని, గుడ్డకు మడతలు అలవాటై, రోజుకు బ్యాటరీ ఎంత తాగుతుందో తెలిసేసరికి గానీ మిగతా సగం పూర్తికాదు. ఆ సగం పని జరిగేది రోడ్డు మీదే. తొలి ప్రయాణాన్ని ఆ లెక్కన వేసుకున్న ఒక జంట కేసు ఇది. వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా రాస్తున్నాను.

ఆయనది ఖమ్మం, ఆవిడది తెనాలి. ఇద్దరూ డెన్వర్ పక్కన అరోరాలో ఉద్యోగాలు చేస్తున్నారు. బండి ఆరున్నర అడుగుల బెడ్ ఉన్న హాఫ్ టన్ (పెద్ద పికప్‌లలో తేలిక రకం పేరు) ఫోర్ వీల్ డ్రైవ్. అక్టోబరు చివర్లో తొమ్మిది రోజుల సెలవు. మోయాబ్, క్యాపిటల్ రీఫ్, ఎస్కలాంటే, బ్రైస్ కాన్యన్ చూసుకుని తిరిగి రావాలని అనుకున్నారు. మొత్తం దాదాపు 1,250 మైళ్లు.

ముందు కాటా

డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంత బరువు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది బళ్లయినా ఈ అంకె మారుతుంది. సన్‌రూఫు, పెద్ద చక్రాలు, కరెంటు సీట్లు అన్నీ ఇందులోంచే తింటాయి. అందుకని ఇంటర్నెట్‌లో చూసిన అంకెను నేను లెక్కలోకి తీసుకోను, తలుపు దగ్గర ఫొటో తీసి పంపమంటాను. ఈ బండికి అది 1,980 పౌండ్లు, అంటే 898 కిలోలు. బండీ బరువూ అన్నీ కలిపి మొత్తం పరిమితి 7,050 పౌండ్లు. వెనక ఇరుసు పరిమితి 4,050.

క్యాంపర్ బ్రోషర్‌లో రాసిన బరువు 1,050 పౌండ్లు. చదివితే ఇంకో 900 పౌండ్లు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ బ్రోషర్ బరువులో హీటరు లేదు, ఫ్రిజ్ లేదు, రెండో బ్యాటరీ లేదు, సోలార్ ప్యానెల్ లేదు, వేడినీళ్ల ట్యాంకు లేదు, పక్కన విప్పుకునే పందిరి లేదు. వీళ్లు అవన్నీ పెట్టించుకున్నారు. నీళ్లు, గ్యాసు పోయకుండానే అది 1,345 తూగింది. అమెరికన్ గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 20 గాలన్ల ట్యాంకు నింపితే 167. రెండు చిన్న గ్యాస్ బండలు, లోపలి గ్యాసుతో కలిపి 48. అంటే క్యాంపరే 1,560 అయింది. దీనిమీద ఇద్దరు మనుషులు 310, సామాను 350.

నేను లెక్క కాగితం మీద చూపిస్తే ఆయన నమ్మలేదు. సామాను మొత్తం సర్దేసుకుని రమ్మన్నాను, నేరుగా ట్రక్ స్టాపులో ఉన్న క్యాట్ అనే కంపెనీ కాటాకు తీసుకెళ్లాను. మన దగ్గర లారీ కాటా ఒకటే పలకగా ఉంటుంది కదా, ఇక్కడ విడివిడి పలకలుంటాయి. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకోదాని మీద నిలిపితే ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో చీటీ ఇస్తారు. ముందు 3,130, వెనక 4,160, మొత్తం 7,290 వచ్చింది. మొత్తం మీద 240 పౌండ్లు ఎక్కువ, వెనక ఇరుసు మీద 110 ఎక్కువ.

"అన్నా, ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరిపోదా?" అని అడిగాడు ఆయన. ఈ ప్రశ్న నన్ను అడగని కస్టమర్ అరుదు. ఎయిర్ బ్యాగులు (ప్రమాదంలో తెరుచుకునేవి కాదు, వెనక కమాన్లకు తోడుగా బిగించే గాలి తిత్తులు), అదనపు కమాన్ పట్టీలు వేస్తే వెనక భాగం కుంగకుండా లేస్తుంది, మలుపుల్లో ఊగడం తగ్గుతుంది. కానీ కింద ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, చక్రాల రిమ్ములు అవే. తలుపు మీది అంకె మారదు. బండి చూడ్డానికి సమంగా ఉంటుంది కాబట్టి అసలు ప్రమాదం కంటికి కనిపించకుండా పోతుంది. ఎక్కువ బరువుతో వచ్చిన బండికి వాటిని బిగించి పంపడం నాకు ఇష్టం ఉండదు.

కాబట్టి షెడ్డు నేల మీద దుప్పటి పరిచి సామాను మొత్తం కిందికి దించాం. మంచినీళ్ల సీసాల కేసులు రెండు, 53 పౌండ్లు. నీళ్ల ట్యాంకు పెట్టుకుని మళ్లీ సీసాలెందుకు? తీసేశాం. రెండు కట్టల కట్టెలు 40. అవి దారిలో దొరుకుతాయి. టేబుల్ టాప్ గ్రైండరు 25. దీని దగ్గర ఆవిడ కొంచెం పట్టుబట్టారు. "దోసెపిండి లేకుండా తొమ్మిది రోజులు ఎలా అన్నా?" పిండి ఇంటి దగ్గరే రుబ్బుకుని రెండు డబ్బాల్లో గడ్డకట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకోండమ్మా, మొదటి రెండు రోజులు ఫ్రిజ్‌కు అదే ఐసు పని చేస్తుంది అన్నాను. ఆ ఏర్పాటు బాగా కుదిరింది. బియ్యం మూట, బరువైన ఇనప పెనాలు కొన్ని తీసేసరికి 150 పౌండ్లు తగ్గాయి. నీళ్లు ట్యాంకు నిండా వద్దు, 8 గాలన్లు చాలు, మోయాబ్‌లో, టోరీలో, ఎస్కలాంటేలో పట్టుకోవచ్చు అని చెప్పాను. దాంతో ఇంకో 100. రెండో గ్యాస్ బండ కూడా దింపించాను, 24.

మళ్లీ కాటా మీద: ముందు 3,086, వెనక 3,930, మొత్తం 7,016. పరిమితికి 34 పౌండ్లే తక్కువ. నా మనసుకు ఇది ఇరుకే. కానీ వెనక ఇరుసు మీద 120 పౌండ్ల వెసులుబాటు వచ్చింది, టైర్లు కూడా ఎక్కువ బరువు మోసే 'E' లోడ్ రేంజివే. దారిలో ఏమీ కొని ఎక్కించకూడదని ఒప్పించి ఒప్పుకున్నాను.

బిగింపు

ఎంత బరువన్నదే కాదు, అది ఎక్కడ పడుతోందన్నదీ చూసుకోవాలి. క్యాంపర్ గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉండాలి. వెనక్కి జరిగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. పైన చూడండి, మొదటిసారి 3,130 ఉన్న ముందు ఇరుసు సామాను తీసేశాక 3,086 అయింది. తగ్గిందేదో ఎక్కువగా వెనక నుంచే తగ్గింది. మేం వెనక తలుపు దగ్గర అల్మరాలో ఉన్న బరువునే ముందు ఖాళీ చేయించాం కాబట్టి అలా కుదిరింది.

బెడ్ నేల మీద మందపాటి రబ్బరు పరుపు వేశాం. నున్నటి రేకు మీద క్యాంపర్ జారుతుంది, రబ్బరు పట్టి ఉంచుతుంది. బెడ్ నాలుగు మూలలా ఐ బోల్టులు (తల ఉంగరంలా ఉండేవి), కింద వైపు వెడల్పాటి స్టీలు పలకలు. పలక లేకుండా ఉత్త వాషరు వేస్తే, ముఖ్యంగా అల్యూమినియం బెడ్‌కి, కొన్నాళ్లకు రంధ్రం సాగిపోయి బోల్టు ఊడొస్తుంది. క్యాంపర్‌లో చిన్న మూతలు తీసి చేతులు లోపలికి పెట్టి టర్న్‌బకిళ్లను (తిప్పితే పొట్టిగా అయి బిగుసుకునే కొక్కేలు) ఈ ఐ బోల్టులకు తగిలిస్తాం. చేత్తో తిరిగినంత తిప్పి, ఆ తర్వాత అర చుట్టు, ఆపై లాక్ నట్టు. బలం ఉంది కదా అని రెంచి వేసి లాగేస్తే క్యాంపర్ అడుగు చెక్క చీలుతుంది.

ఇక్కడ ఒక అలవాటు చెబుతాను. లాక్ నట్టు బిగించాక నట్టు మీదుగా, టర్న్‌బకిల్ మీదుగా ఒకే గీతగా తెల్ల పెయింటు పెన్నుతో గీస్తాను. నట్టు ఒక్క పిసరు తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే చాలు, చేయి పెట్టి లాగి చూడక్కర్లేదు. ఈ తెల్ల గీత ఈ ప్రయాణంలో నిజంగా పనికొచ్చింది, కింద చెబుతాను.

గ్యాసు పైపుల ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాం. ప్రొపేన్ గాలి కంటే బరువు, అందుకే గ్యాసు అలారం నేలకు దగ్గరగా ఉంటుంది. ముందు పరుపు, చెప్పులు తెచ్చి దాన్ని మూసేయకండని చెప్పాల్సి వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి పరీక్షించాం. పొయ్యి వెలిగించి దాంతో క్యాంపర్ వెచ్చబరచుకోవడం ఎప్పటికీ చేయొద్దని ఇద్దరికీ ఎదురుగా నిలబడి చెప్పాను. హీటరు పొగ బయటికి పోతుంది, పొయ్యి పొగ లోపలే ఉంటుంది.

ఇంటి పక్కనే ఒక రాత్రి

బయల్దేరడానికి ముందు వారం అరోరాలోనే ఉన్న చెర్రీ క్రీక్ స్టేట్ పార్కులో ఒక రాత్రి పడుకోమన్నాను. ఇల్లు పదిహేను నిమిషాలు, మరిచిపోయింది ఏదైనా ఉంటే తెచ్చుకోవచ్చు. ఆ రాత్రి రెండు సంగతులు బయటపడ్డాయి. కప్పు దించేటప్పుడు గుడ్డ ఒక మూల బయటికి పొంగి అంచు కింద నలిగింది. చుట్టూ సాగే తాడు కట్టుకుని, కప్పు కిందికి దిగుతుండగా ఒకరు బయట నడుస్తూ గుడ్డను లోపలికి తోస్తే నలగదు. తలుపు, పైన గాలి మూత తెరిచి ఉంచితే లోపలి గాలి బయటికి పోయి గుడ్డ పొంగదు. రెండోది, ఆవిడకు కప్పు పైకి తోయడం బరువైంది. కప్పును పైకి తోసే గ్యాస్ స్ట్రట్లు (గ్యాసు నింపిన కడ్డీలు) చలిలో బలం కోల్పోతాయి. పొద్దున్నే మంచు పడ్డ రోజు ఇంకా కష్టం. కప్పు మీది మంచు ముందు ఊడ్చేసి, అప్పుడే ఎత్తమన్నాను.

రోడ్డు

ఐ-70 హైవే మీద పడమరకు. జార్జ్‌టౌన్ దగ్గర ఆగమని ముందే చెప్పి పంపాను. అరోరా నుంచి యాభై మైళ్ల చిల్లర. మొదటి యాభై మైళ్లలో క్యాంపర్ రబ్బరు పరుపు మీద కూర్చుని కాస్త కిందికి కుదురుకుంటుంది, టర్న్‌బకిళ్లు వదులవుతాయి. ప్రతి కొత్త బిగింపులోనూ ఇది జరుగుతుంది, లోపం కాదు. అక్కడ నాలుగింటిలో రెండు వదులుగా ఉన్నాయని మెసేజ్ పెట్టారు, పావు చుట్టు బిగించుకున్నారు. అది దాటితే ఐసెన్‌హోవర్ సొరంగం, 11,000 అడుగుల పైన. దాని తర్వాత సిల్వర్‌తోర్న్ వైపు నిట్టనిలువు దిగుడు, బ్రేకులు పోయిన లారీల కోసం పక్కనే గులకరాళ్ల దారులు వేసి ఉంటాయి. అక్కడ గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకోవాలి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు. గేరు దించి దిగితే బండి ఏమాత్రం ఊగలేదట. "ఖాళీ బండి నడిపినట్టే ఉంది అన్నా" అన్నాడాయన. ఖాళీ బండిలా అనిపించడం వేరు, ఆగడం వేరు. ముందు బండికి వదిలే దూరం పెంచుకోమన్నాను.

మోయాబ్ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల గుర్తు పెట్టిన స్థలాల్లోనే ఆగాలి, సొంత టాయిలెట్ ఉండాలి అనే నిబంధన ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని రావడం మంచిది. ఎర్ర రాతి నేల మీద పడ్డ చెత్త ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. వీళ్లు మూత ఉన్న పోర్టబుల్ టాయిలెట్ తెచ్చుకున్నారు, దాని బరువు కూడా ఆ 200 పౌండ్ల సామానులోనే లెక్క వేశాం.

చెమ్మ

మోయాబ్‌లో మొదటి రాత్రి తర్వాత వచ్చిన ఫొటో నేను ఊహించినదే. పరుపు ఎత్తి తీసిన ఫొటో. కింద చెక్క మీద అరచేయి వెడల్పున తడి మరక, అల్యూమినియం ఫ్రేము అంచు పొడవునా వరసగా నీటి చుక్కలు, గుడ్డ గోడ లోపలి వైపు వేలితో గీస్తే నీళ్లు కారేంత చెమ్మ.

ఎక్కడినుంచి వచ్చింది? రాత్రి చలిగా ఉందని కిటికీలు, పైన మూత అన్నీ బిగించేశారు. లోపల అన్నం వండారు, పప్పు వండారు, నీళ్లు కాచారు. ప్రొపేన్ కాలితే నీరు పుడుతుంది. ఒక పౌండు గ్యాసు కాలితే 1.6 పౌండ్లకు పైనే నీటి ఆవిరి వస్తుంది. పైగా గిన్నెల్లోంచి ఆవిరి, ఇద్దరి ఊపిరి. గది చిన్నది, గోడ పలచన, బయట చలి. ఆ ఆవిరి ఎక్కడ చల్లటి లోహం తగిలితే అక్కడ నీరవుతుంది. పరుపు కింద గాలి ఆడదు కాబట్టి అక్కడ ఎక్కువ. రెండు మూడు రాత్రులు ఇలాగే వదిలేస్తే పరుపు నల్లగా బూజు పడుతుంది.

పైన మూత ఎప్పుడూ రెండు వేళ్లు తెరిచి ఉంచండి, దానికి ఎదురుగా కింద కిటికీ ఒకటి కొద్దిగా తెరవండి, హీటరు కాస్త ఎక్కువ తిరిగినా ఫర్వాలేదు అన్నాను. హీటరు తన పొగ బయటికే వదులుతుంది కాబట్టి అది లోపల చెమ్మ పెంచదు, ఆరబెడుతుంది. వంట సమయంలో ఫ్యాను తప్పకుండా వేయాలి. ఆ రాత్రి నుంచి ఫొటోల్లో ఫ్రేము మీద చుక్కలు చాలావరకు తగ్గాయి. పరుపు కింద మాత్రం పూర్తిగా పోలేదు.

మన వంట గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే క్యాంపర్ల గురించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్లెవరూ ఇది రాయరు. తాలింపు లోపల వేయకండి. నూనె కాగి ఆవాలు చిటపటమన్నప్పుడు వచ్చే ఆ పొగకు తలకు అడుగు దూరంలో ఉన్న స్మోక్ అలారం మోగుతుంది. మోగిందని చాలామంది బ్యాటరీ పీకేస్తారు, ఆ తర్వాత పెట్టడం మరిచిపోతారు. అది ప్రాణం మీదికి వస్తుంది. అలారం సంగతి పక్కన పెట్టినా, నూనె ఆవిరి వినైల్ గుడ్డలోకి పట్టిందంటే ఆ వాసన వదలదు, దాని మీద దుమ్ము పట్టి గుడ్డ పసుపు రంగుకు తిరుగుతుంది. ఒంటి బర్నరు పొయ్యి బయట పెట్టి తాలింపు అక్కడ వేసుకుని, లోపల పప్పులో కలుపుకోవడమే మార్గం. ఇంటి దగ్గరే నూనెలో తాలింపు పెట్టి చిన్న డబ్బాలో తెచ్చుకున్నా పర్వాలేదు.

కుక్కరు మాత్రం తప్పనిసరి. బ్రైస్ అంచు 8,000 అడుగులు దాటుతుంది, అక్కడ నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. తెరిచిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది, గ్యాసంతా ఆవిరైపోతుంది. కుక్కర్లో అదే ఎత్తులో 117 డిగ్రీల దాకా వెళుతుంది. విజిల్ వచ్చేలోగా మంట బాగా తగ్గించి ఉంచితే ఆవిరి కూడా తక్కువ. మొదటి విజిల్ తర్వాత పొయ్యి కట్టేసి కుక్కర్‌ను దుప్పటిలో చుట్టిపెడితే మిగతా ఉడుకు దానంతట అదే అవుతుంది. ఆవిడ ఈ పద్ధతికి మారాక ఒక్క బండ గ్యాసు చివరి వరకు వచ్చింది.

గతుకుల మట్టి రోడ్డు

గ్రీన్ రివర్ దగ్గర ఐ-70 వదిలి హైవే 24 మీద హాంక్స్‌విల్, క్యాపిటల్ రీఫ్. అక్కడినుంచి హైవే 12. బౌల్డర్ మౌంటెన్ మీద ఆ రోడ్డు 9,600 అడుగుల దాకా ఎక్కుతుంది. ఆ దారి అందం గురించి వాళ్లు పంపిన వీడియోలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. ఆస్పెన్ ఆకులు రాలిపోయి తెల్లటి మానులే మిగిలిన అడవి, దాని వెనక ఎర్రటి రాళ్ల లోయ.

ఎస్కలాంటే దగ్గర హోల్-ఇన్-ద-రాక్ రోడ్డులోకి డెవిల్స్ గార్డెన్ దాకా, సుమారు 12 మైళ్లు, వెళ్లారు. 1879-80 చలికాలంలో మార్మన్ వలసదారులు బండ్లతో కొలరాడో నదికి వెళ్లిన దారి అది. ఈరోజు కూడా రేకు మీద ముడతల్లాంటి గతుకులు. ఆ ముడతల మీద బండి ఒక వేగంలో సన్నగా వణకడం మొదలుపెడుతుంది, ఆ వణుకే నట్టులను విప్పుతుంది. వెనక టైర్లలో గాలి 65 నుంచి 50 పీఎస్ఐకి తగ్గించి, నెమ్మదిగా వెళ్లమన్నాను. మరీ తగ్గించడానికి లేదు, ఆ బరువుకు టైరు పక్కగోడ వేడెక్కుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడానికి చిన్న కంప్రెసరు తీసుకెళ్లారు.

సాయంత్రం ఆగి టార్చి వేసి చూస్తే డ్రైవర్ వైపు ముందు మూలలో తెల్ల గీత విరిగి ఉంది. నట్టు దాదాపు ముప్పావు చుట్టు తిరిగిపోయింది. చేత్తో పట్టి లాగితే టర్న్‌బకిల్ ఇంకా గట్టిగానే అనిపించిందట. గీత లేకపోతే వాళ్లు దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు, మర్నాటికి క్యాంపర్ ముందుకు ఒక పక్కకు జరిగేది. బిగించి, కొత్త గీత గీసుకున్నారు. ఆ రోజే ఒక అల్మరా తలుపు తెరుచుకుని ఆవకాయ గాజు సీసా కిందపడి పగిలింది. నూనె టర్న్‌బకిల్ మూతలోంచి కిందికి కారింది. పచ్చళ్లను గాజులో కాకుండా బిగుతు మూతల స్టీలు డబ్బాల్లో, అది కూడా అడుగు అరలో పెట్టుకోవాలి.

బ్రైస్ నుంచి ఫోను

"అన్నా, హీటరు ఫ్యాను తిరుగుతోంది, వేడి రావట్లేదు." బ్రైస్ దగ్గర రాత్రి తొమ్మిది దాటాక వచ్చిన ఫోను. బయట సున్నాకు దిగువే.

బ్యాటరీ మీటరులో ఎంత ఉందని అడిగాను. హీటరు నడుస్తుండగా 11.5 వోల్టులు. ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. హీటర్‌లో గాలి సరిగా వీస్తోందో లేదో చూసే చిన్న రెక్క స్విచ్చి ఉంటుంది. వోల్టేజీ తగ్గితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, ఆ గాలికి రెక్క లేవదు, రెక్క లేవకపోతే గ్యాసు వదలదు, మంట వెలగదు. అది హీటరు చెడిపోవడం కాదు, మనల్ని కాపాడుతున్న ఏర్పాటు.

బ్యాటరీ ఎందుకు అడుగంటింది? లెక్క చూద్దాం. 75 యాంపియర్ అవర్ల ఏజీఎం (మూసి ఉండే లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీలు రెండు. ఆయుష్షు కావాలంటే సగమే వాడుకోవాలి, అంటే చేతిలో 75. రోజుకు ఫ్రిజ్ 35 దాకా, చల్లటి రాత్రి హీటరు ఫ్యాను 20, లైట్లు, ఫోన్లు, పైన ఫ్యాను కలిపి 8. మొత్తం 63. కప్పు మీద పడుకోబెట్టిన 160 వాట్ల సోలార్ ప్యానెల్ అక్టోబరు చివరి వాలు ఎండలో 35 కంటే ఎక్కువ ఇవ్వలేదు. రోజుకు 28 లోటు. మూడు రోజులు దాటేసరికి ఖాళీ.

నడిచే బండి నింపాలి కదా అంటే, క్యాంపర్‌తో వచ్చిన ఛార్జింగ్ తీగ సన్నది. ఇంజను నుంచి వెనక్కి అంత దూరం సన్న తీగలో వోల్టేజీ పడిపోతుంది. పైగా ఇప్పటి బళ్లలో ఆల్టర్నేటరు తన బ్యాటరీ నిండగానే వోల్టేజీ తగ్గించేస్తుంది. అందుకని గంటల తరబడి నడిపినా క్యాంపర్ బ్యాటరీకి నామమాత్రంగానే చేరుతుంది. ఆ తగ్గిన వోల్టేజీని పెంచి క్యాంపర్ బ్యాటరీకి పంపే డీసీ-డీసీ ఛార్జర్ వేయిద్దామని బిగింపు రోజే చెప్పాను. ఖర్చు చూసుకుని, ప్రయాణం తర్వాత చేయిద్దామన్నారు. అది వాళ్ల నిర్ణయం, అప్పటికి అర్థం చేసుకోదగ్గదే.

ఆ రాత్రికి చెప్పింది: ఫ్రిజ్ కట్టేయండి, బయట ఫ్రిజ్ కంటే చల్లగా ఉంది, పాలు, కూరలు డబ్బాలో పెట్టి బండి ముందు క్యాబిన్‌లో పెట్టండి. లైట్లు ఆపండి. పొయ్యి మాత్రం వెలిగించకండి. రెండు రజాయిలూ కలిపి కప్పుకోండి. నీళ్ల పంపు, పైపులు వేడినీళ్ల ట్యాంకుతో సహా ఖాళీ చేసి పడుకోండి. గడ్డకడితే పంపు పగులుతుంది. ఫ్రిజ్ ఆగాక బ్యాటరీ కాస్త కోలుకుని తెల్లవారుజామున హీటరు ఒకసారి వెలిగింది. పొద్దున్నే దగ్గర్లో కరెంటు కనెక్షన్ ఉన్న ప్రైవేటు క్యాంపుగ్రౌండుకు వెళ్లి పూర్తిగా ఛార్జి చేసుకున్నారు. అక్కడే ఇంకో రోజు ఉండిపోయారు. కొత్త క్యాంపర్ ప్రయాణంలో ఇలా ఆగడానికి వీలుగా ఒకటి రెండు ఖాళీ రోజులు ఉంచాలని నేను పట్టుబట్టేది ఇందుకే. బుకింగులు ప్రతి రాత్రికీ గట్టిగా చేసుకుని ఉంటే వాళ్లు అరకొర ఛార్జితోనే ముందుకు పోయేవాళ్లు.

తిరుగుదారిలో సలైనా నుంచి గ్రీన్ రివర్ దాకా ఐ-70 మీద వంద మైళ్లకు పైన ఒక్క పెట్రోలు బంకు కూడా ఉండదు. సలైనాలో ట్యాంకు నింపుకునే ఎక్కారు. ఖాళీ బండికి గాలన్‌కు 20 మైళ్లు వచ్చేది, క్యాంపర్‌తో 16 వచ్చింది.

తిరిగొచ్చాక

వచ్చిన రోజే కప్పు లేపి, గుడ్డ, పరుపు పూర్తిగా ఆరేదాకా తెరిచి ఉంచమన్నాను. తడి గుడ్డ మడిచి గ్యారేజీలో పెడితే వారంలో బూజు. ఆ తర్వాత బండి మళ్లీ షెడ్డుకు వచ్చింది. బెడ్ కింద పలకలు, బోల్టు రంధ్రాలు చూశాం, సాగలేదు. నాలుగు టర్న్‌బకిళ్లకు కొత్త లాక్ నట్లు వేశాం. కప్పు మీది సీలెంటు ఒకచోట వెంట్రుకంత చీలింది, గీకేసి మళ్లీ పూశాం. గ్యాసు జాయింట్లకు మళ్లీ సబ్బు నీళ్లు. ఇంటి గ్యాసు పైపు లాగా ఇది కదలకుండా ఉండేది కాదు, ప్రతి మట్టి రోడ్డు ప్రయాణం తర్వాత ఈ పరీక్ష చేయాలి.

పెద్ద మార్పు బ్యాటరీ. ఒక్కోటి 50 పౌండ్లకు పైన ఉన్న రెండు ఏజీఎంలు తీసేసి, 28 పౌండ్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి పెట్టాం, 100 యాంపియర్ అవర్లు. దాదాపు అంతా వాడుకోవచ్చు. దానికి 20 యాంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్, మందపాటి తీగ, ఇంజను బ్యాటరీ దగ్గర ఫ్యూజు. ఇప్పుడు రెండున్నర గంటలు నడిపితే 50 యాంపియర్ అవర్లు నిండుతాయి. లిథియానికి ఒక నియమం ఉంది, సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. దాని సొంత కంట్రోలు ఆపేస్తుంది గానీ, ఆపేస్తే ఛార్జి రాదు. అందుకే దాన్ని బయటి అరలో కాకుండా హీటరు వేడి తగిలే సోఫా కిందికి మార్చాం. పరుపు కింద గాలి ఆడే మెష్ చాప పరిచాం.

అదే సామానుతో, అదే 8 గాలన్ల నీళ్లతో మళ్లీ కాటా మీదికి వెళ్తే మొత్తం 6,945 వచ్చింది. పరిమితికి 105 పౌండ్లు తక్కువ. ఆ 105లో ఎంత గ్రైండరుకు పోతుందో, ఎంత నీళ్లకు పోతుందో ఇంట్లో ఇంకా తేలలేదు. వచ్చే వేసవిలో వాళ్లు వెళ్లాలనుకుంటున్నది ఎడారి వైపు కాబట్టి నీళ్లకే ఇవ్వమని నా సలహా. ఏప్రిల్‌లో కప్పు స్ట్రట్లు, సీలెంటు మళ్లీ చూడటానికి తేదీ రాసుకున్నాం.